యోగా తరగతి నుంచి సారిన్ సంచి దాకా

1995 మార్చి 20, సోమవారం ఉదయం. ఆఫీసులకు వెళ్లే జనంతో టోక్యో మెట్రో కిక్కిరిసి ఉంది. ఐదుగురు మనుషులు ఐదు రైళ్లెక్కారు. ఒక్కొక్కరి దగ్గరా వార్తాపత్రికల్లో చుట్టిన ప్లాస్టిక్ సంచులు, మొన సానబట్టిన గొడుగు ఉన్నాయి. దిగాల్సిన స్టేషన్ దగ్గరపడగానే సంచులను కాళ్ల దగ్గర జారవిడిచి, గొడుగు మొనతో పొడిచి, తలుపు తెరుచుకోగానే దిగిపోయారు. ఆ సంచుల్లో ఉన్నది సారిన్. ఊపిరి ఆడించే కండరాలను స్తంభింపజేసే రసాయనం. కాసుమిగసేకి స్టేషన్లో అదేమిటో తెలియక సంచిని తీసి, కారిన ద్రవాన్ని శుభ్రం చేసిన ఇద్దరు మెట్రో ఉద్యోగులు చనిపోయారు. మొత్తం మృతులు 13 మంది. పాతికేళ్లు మంచానికే పరిమితమై 2020లో కన్నుమూసిన మహిళతో కలిపితే 14. గాయపడినవాళ్లు 6,000 మంది దాకా ఉంటారు.

సంచులు పొడిచిన ఐదుగురిలో ఒకరు ఇకువో హయాషి. కెయో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, అమెరికా కూడా వెళ్లొచ్చిన గుండె శస్త్రచికిత్స నిపుణుడు. ఇంకొకరు కెనిచి హిరోసె. వాసెదా విశ్వవిద్యాలయం అప్లైడ్ ఫిజిక్స్‌లో అగ్రశ్రేణి విద్యార్థి, సూపర్ కండక్టర్ల మీద పరిశోధన చేసినవాడు. మూడో మనిషి తోరు తొయోదా టోక్యో విశ్వవిద్యాలయంలో కణ భౌతికశాస్త్రం చదివాడు. మిగిలిన ఇద్దరూ సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లే. ప్రవేశ పరీక్షల ర్యాంకులను బట్టి బుద్ధిని కొలిచే మనలాంటి సమాజంలో ఈ జాబితా చదవగానే ఎవరి నోటైనా వచ్చే మాట ఒకటే: ఇంత చదువుకుని ఇదేం పోయేకాలం?

ఆ ప్రశ్నలో ఒక నిశ్చింత దాగుంది. అడిగేవాడు తాను ఆ పని చెయ్యనని ముందే తేల్చేసుకుని అడుగుతాడు. కానీ ఆ ఐదుగురిలో ఎవరూ హంతక ముఠాలో చేరలేదు. యోగా నేర్చుకుందామని వెళ్లారు, పుస్తకాల షాపులో ఒక పుస్తకం కొనుక్కున్నారు, అందులో రాసినట్టు శ్వాస మీద ధ్యాస పెట్టి చూశారు. చేరిన రోజుకీ గొడుగు పట్టిన రోజుకీ మధ్య ఏళ్లు గడిచాయి. ఎందుకు చేరారన్నది చిన్న విషయం. బయటికి వచ్చే దారి ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా మూసుకుపోయిందన్నదే అసలు సంగతి. ఈ దాడి చేయించిన ఓమ్ షిన్రిక్యో అనే మత సంస్థ కథ అందుకు బాగా పనికొస్తుంది. ముద్దాయిలు బతికుండి, కోర్టుల్లో గంటల తరబడి మాట్లాడారు. చాలా కల్ట్‌ల కథల్లో చెప్పడానికి మనుషులే మిగలరు.

గురువు అసలు పేరు చిజువో మాత్సుమోతో. 1955లో క్యుషు దీవిలోని కుమామోతో ప్రాంతంలో, తతామి చాపలు అల్లే పేదింట్లో పుట్టాడు. చూపు అంతంతమాత్రం కావడంతో అంధుల పాఠశాల హాస్టల్లో పెరిగాడు. సూది వైద్యం, మూలికల వ్యాపారం చేశాడు. 1982లో నకిలీ మందులు అమ్మి అరెస్టయ్యాడు. 1984లో టోక్యోలోని షిబుయాలో యోగా తరగతి మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది, పద్మాసనంలో కూర్చుని గాల్లోకి లేచినట్టున్న అతని ఫొటో ఒక అద్భుతాల పత్రికలో అచ్చయింది. 1986లో హిమాలయాలకు వచ్చి వెళ్లి, తనకు జ్ఞానోదయమైందన్నాడు. 1987లో సంస్థకు ఓమ్ షిన్రిక్యో అని పేరు పెట్టాడు. అప్పటికి అతను షోకో అసహారా. అదే ఏడాది దలైలామాను కలిసి ఫొటోలు దిగాడు. ఆ ఫొటోలు ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రచార పత్రాల్లో పని చేశాయి.

ఓమ్ గురించి చదివే తెలుగువాళ్లకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. వాళ్ల ప్రధాన దైవం శివుడు. దీక్షను శక్తిపాతం అన్నారు. కుండలిని, గురుభక్తి, కర్మ, అన్నీ మనం అరుగు మీద కూర్చుని వాడే మాటలే. సభ్యులు పెట్టుకునే బ్యాడ్జీ పేరు పురుష. ఫూజీ పర్వతం దగ్గర కమికుయిషికి గ్రామంలో కట్టుకున్న భవనాలను సత్యం అని పిలిచి నంబర్లు వేసుకున్నారు. సారిన్ తయారైంది ఏడో నంబరు సత్యంలో. అయితే దీన్ని పట్టుకుని యోగానో బౌద్ధాన్నో తప్పుపట్టడం తేలిక, పనికిమాలిన పని కూడా. చివరికొచ్చేసరికి అసహారా టిబెట్ బౌద్ధం, నోస్ట్రడామస్ జోస్యాలు, బైబిల్ ప్రకటన గ్రంథంలోని ఆర్మగెడ్డాన్ అన్నీ కలిపేశాడు. ఏది దొరికితే అది వాడుకున్నాడు.

1980ల జపాన్‌లో డబ్బుంది. చదువు పూర్తవకముందే పెద్ద కంపెనీలు పిలిచి ఉద్యోగాలిచ్చేవి. ముప్పై ఏళ్ల తర్వాత తన బల్ల ఏ అంతస్తులో ఉంటుందో ఇరవై రెండేళ్ల కుర్రాడికి ముందే తెలిసిపోయేది. దానికి తోడు 1973లో వచ్చిన నోస్ట్రడామస్ పుస్తకం ఒకటి లక్షల్లో అమ్ముడై, 1999లో లోకం ముగుస్తుందన్న భయాన్ని ఒక తరం మనసులో నాటింది. ఏ వరదొచ్చినా, ఏ మహమ్మారి వచ్చినా కాలజ్ఞానంలో ముందే ఉందంటూ సెల్‌ఫోన్లలో తిరిగే సందేశాలు చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఉద్యోగం ఉంది, అర్థం లేదు అనుకున్న యువకుల దగ్గరికి ఓమ్ పుస్తకాలతో, కామిక్స్‌తో, విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసాలతో వచ్చింది. నువ్వు మామూలు మనిషివి కావు, లోకాన్ని కాపాడే కొద్దిమందిలో ఒకడివి అంది. అలా అని చెప్పిన మొదటి మనిషి మీద ఎవరికైనా కాస్త అభిమానం పుడుతుంది.

హిరోసె విషయంలో జరిగింది చూడండి. అసహారా పుస్తకాలు చదివాక, ఇంట్లో ఉండగానే, వెన్నెముక అడుగు నుంచి శక్తి పైకి లేచిన అనుభవం కలిగిందని అతను తర్వాత చెప్పాడు. ఇది కట్టుకథ కాదు. శ్వాసను తీవ్రంగా నియంత్రించినా, నిద్ర మానేసినా, గంటల తరబడి ఒకే చోట మనసు నిలిపినా వేడి, వెలుగు, తేలిపోతున్న భావన కలుగుతాయి. శరీరం చేసే పని అది. అలాంటి అనుభవానికి ఎన్ని అర్థాలైనా చెప్పుకోవచ్చు. ఓమ్‌లో మాత్రం ఒక్కటే అర్థం: గురువు గొప్పవాడు. భౌతికశాస్త్రం చదివినవాడు కాబట్టే హిరోసె దాన్ని ప్రయోగ ఫలితంలా చూశాడు. పుస్తకంలో చెప్పినట్టే జరిగింది కనుక పుస్తకంలో ఉన్నదంతా నిజమే అనుకున్నాడు. సైన్సు చదువు కాపాడలేదు సరికదా, తప్పుడు నమ్మకానికి రుజువు అనే గౌరవాన్ని తెచ్చిపెట్టింది. చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదులుకుని 1989లో అతను సన్యాసం తీసుకున్నాడు.

ఇక్కడి నుంచి దారి సన్నబడుతుంది. ఓమ్‌కు జపాన్‌లో 10,000 మంది దాకా అనుచరులుండేవారు. ఎక్కువ మంది ఇళ్లలో ఉంటూ, వారానికోసారి వెళ్లొచ్చేవాళ్లు. వెయ్యికి పైగా మంది మాత్రం అన్నీ వదిలి లోపలికి వచ్చేశారు. అలా రావాలంటే ఇల్లు, పొలం, పొదుపు ఖాతా, టెలిఫోన్ కార్డుతో సహా సంస్థ పేర రాసివ్వాలి. తల్లిదండ్రులతో, తోబుట్టువులతో సంబంధం తెంచుకోవాలి. డాక్టర్ హయాషి 1990లో భార్యాపిల్లలతో సహా వచ్చి చేరాడు. లోపల రోజుకు మూడు నాలుగు గంటల నిద్ర, ఉడకబెట్టిన కూరగాయల భోజనం, చెవిలో ఆగకుండా మోగే గురువు గొంతు క్యాసెట్లు. బయటి పత్రికలు, టీవీ నిషిద్ధం. గురువు మెదడు తరంగాలను శిష్యుడి మెదడులోకి పంపుతుందంటూ ఎలక్ట్రోడ్లున్న టోపీ ఒకటి తయారుచేశారు. దాని కోసం లక్షల యెన్లు వసూలు చేశారు. గురువు రక్తాన్ని, స్నానం చేసిన నీళ్లను కూడా అమ్మారు. 1994 నాటికి దీక్ష పేరుతో ఎల్‌ఎస్‌డీ తాగించారు. తాగినవాళ్లలో చాలామందికి అందులో ఏముందో తెలియదు.

స్నానం నీళ్లు డబ్బిచ్చి కొన్నారంటే మనకు నవ్వొస్తుంది. కానీ ఆ నీళ్లు కొన్న మనిషి అప్పటికే ఇల్లు రాసిచ్చాడు. తల్లిని ఏడిపించి వచ్చాడు. ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు ఇది మోసం అని ఒప్పుకుంటే ఆ ముందు చేసినవన్నీ మూర్ఖత్వమే అవుతాయి. కాబట్టి నీళ్లు పవిత్రమైనవే కావాలి. ప్రతి మెట్టూ మనిషి తన ఇష్టంతోనే, తన సంతకంతోనే ఎక్కుతాడు. బలవంతం కనిపించదు. అందుకే ఒప్పుకోవడం అంత కష్టమవుతుంది. మోసపోయినవాడు మోసగాణ్ని సమర్థించడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. చిట్‌ఫండ్ కంపెనీ మూతపడే ముందు రోజు వరకూ పక్కింటివాళ్లను చేర్పిస్తూనే ఉన్న మనుషులను మనం చూడలేదా?

అనుమానం వస్తే? దానికీ ఏర్పాటుంది. అనుమానం నీలోని కల్మషం బయటపడటం. జ్వరమొస్తే కర్మ కాలిపోవడం. ఇంటి మీద బెంగ పుడితే మాయ. గురువు చెప్పిన పని మనసుకు ఎంత తప్పుగా తోస్తే అది అంత గొప్ప పరీక్ష. ఆ పరీక్షకు ఓమ్‌లో మహాముద్ర అని పేరు. ఈ ఒక్క ఏర్పాటుతో అంతరాత్మ తలకిందులైంది. మామూలు మనిషికి ఒక పని చెయ్యబోతే కడుపులో తిప్పినట్టయితే అది ఆగమన్న సంకేతం. ఓమ్ సన్యాసికి అదే ముందుకు నడవమన్న సంకేతమైంది. దానికి పైన 'పోవా' అనే సిద్ధాంతం వచ్చింది. టిబెట్ బౌద్ధంలో అది చనిపోతున్న జీవిని మంచి లోకానికి పంపే ధ్యానం. అసహారా చేతిలో అది, పాపం మూటగట్టుకుంటున్న మనిషిని చంపి ఉద్ధరించడంగా మారింది. హయాషి సంచిని పొడిచే ముందు ఎదుటి ప్రయాణికుల ముఖాలు చూసి తడబడ్డాడు. వైద్యుడిగా బతికినంత కాలం మనుషులను బతికించడానికే పని చేసినవాడు. తడబాటును తన బలహీనతగానే లెక్కగట్టుకుని పొడిచాడు. తర్వాత పోలీసులకు అన్నీ తానే చెప్పేశాడు. ఆ కారణంగానే మరణశిక్ష తప్పి యావజ్జీవం పడింది.

హింస ఎక్కడ మొదలైందన్నది కూడా చూడాలి. మెట్రోకు ఏడేళ్ల ముందు, 1988లో, మతి చలించినట్టు ప్రవర్తించిన ఒక సాధకుణ్ని చన్నీళ్లలో ముంచగా చనిపోయాడు. ప్రమాదం. మత సంస్థగా ప్రభుత్వ గుర్తింపు కోసం ప్రయత్నాలు చేస్తున్న సమయమది. బయటికి పొక్కితే గుర్తింపు రాదని శవాన్ని రహస్యంగా కాల్చేశారు. ఆ సంగతి తెలిసిన ఒక యువ శిష్యుడు, నేను వెళ్లిపోతానన్నాడు. 1989 ఫిబ్రవరిలో అతన్ని గొంతు బిగించి చంపారు. ఓమ్ చేసిన మొదటి హత్య అది. బయటి శత్రువును కాదు, తలుపు వైపు నడిచిన సొంత మనిషిని చంపారు. ఆ పని చేసిన నలుగురైదుగురికి ఇక తిరిగి వెళ్లే ఇల్లు లేదు. అదే ఏడాది ఆగస్టులో టోక్యో నగర పాలక యంత్రాంగం ఓమ్‌కు మత సంస్థగా అధికారిక గుర్తింపు ఇచ్చింది. పన్ను రాయితీలు వచ్చాయి, ప్రభుత్వం తొంగిచూడటానికి జంకే హోదా వచ్చింది.

ఇంతకీ తల్లిదండ్రులు ఏం చేస్తున్నారు? తిరుగుతున్నారు. పోలీస్ స్టేషన్లకు, పత్రికలకు, వకీళ్ల ఆఫీసులకు. పిల్లలకు ఇరవై దాటాయి, ఇష్టపడి వెళ్లారు, మతం విషయం, మేమేం చెయ్యలేం అన్న జవాబే వినిపించేది. యోకోహామాలో త్సుత్సుమి సకమోతో అనే ముప్పై మూడేళ్ల న్యాయవాది వాళ్ల పక్షాన నిలబడ్డాడు. గురువు రక్తంలో ప్రత్యేకమైన డీఎన్‌ఏ ఉందని ఓమ్ చేసిన ప్రచారం అబద్ధమని తేల్చే పనిలో పడ్డాడు. ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూను ఒక టీవీ ఛానెల్ ప్రసారం కాకముందే ఓమ్ వాళ్లకు చూపించింది. 1989 నవంబర్ 4 తెల్లవారుజామున ఆయన్ను, భార్యను, ఏడాది దాటిన పసివాణ్ని ఇంట్లోనే చంపి శవాలను వేర్వేరు కొండల్లో పాతిపెట్టారు. గదిలో ఓమ్ బ్యాడ్జీ పడి ఉంది. అయినా కేసు దాదాపు ఆరేళ్ల పాటు అదృశ్యం కేసుగానే నడిచింది. 1995 సెప్టెంబర్‌లో గానీ శవాలు దొరకలేదు.

జపాన్ పోలీసులు వెనుకాడటానికి ఒక చరిత్ర ఉంది, దాన్ని వదిలేస్తే అన్యాయమవుతుంది. యుద్ధానికి ముందు అక్కడి ప్రభుత్వం తనకు నచ్చని మతాలను ఘోరంగా అణచివేసింది. ఒమోతో అనే శాఖ ఆలయాలను 1935 తర్వాత డైనమైట్ పెట్టి మరీ కూల్చింది. ఆ పాపానికి పరిహారంగా యుద్ధం తర్వాత 1951లో వచ్చిన మత సంస్థల చట్టం రాజ్యాన్ని గుడి గడప బయటే ఆపేసింది. మంచి ఉద్దేశమే. కానీ హత్య, నిర్బంధం, ఆస్తి కాజేయడం మత విశ్వాసాలు కావు. వాటిని విచారించడానికి శివుడు నిజమా, పోవా నిజమా అని తేల్చాల్సిన పని లేదు. ఆ తేడాను గట్టిగా పట్టుకున్న అధికారి ఒక్కడున్నా సకమోతో కుటుంబం హత్య తర్వాత మరో ఐదేళ్లు ఓమ్‌కు దక్కేవి కావు. 1990 ఎన్నికల్లో అసహారాతో సహా 25 మంది పోటీ చేసి చిత్తుగా ఓడారు. శిష్యులు గురువు ముఖం మాస్కులు పెట్టుకుని వీధుల్లో ఆడిపాడారు. జనం నవ్వారు, పోలీసులూ నవ్వి ఊరుకున్నారు. తర్వాత రసాయన ఆయుధాల పని మొదలైంది. 1994 జూన్‌లో మాత్సుమోతో పట్టణంలో, తమ భూమి కేసు విచారిస్తున్న న్యాయమూర్తుల నివాసాల దగ్గర సారిన్ వదిలి ఏడుగుర్ని చంపారు. అనుమానం మొదట పడింది ఎవరి మీదో తెలుసా? మొదట ఫోన్ చేసి సాయమడిగిన స్థానికుడి మీద. ఆయన భార్య అదే విషానికి స్పృహ కోల్పోయి 2008లో మరణించింది. పత్రికలు ఆయన్ను నెలల తరబడి హంతకుడిగానే చూపించాయి.

ఇదంతా వింటే మెదడును కడిగేస్తారు, మంత్రం వేస్తారు అనిపిస్తుంది. బ్రెయిన్‌వాష్ అనే మాట 1950లో కొరియా యుద్ధ కాలంలో పుట్టింది. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు మావో చైనాలో 'ఆలోచనా సంస్కరణ'కు గురై బయటపడినవాళ్లను హాంకాంగ్‌లో కలిసి మాట్లాడి, 1961లో ఒక పుస్తకం రాశాడు. సమాచారాన్ని బిగబట్టడం, నిత్యం తప్పులు ఒప్పించడం, సొంత పరిభాషతో ఆలోచనను కత్తిరించడం లాంటి ఎనిమిది లక్షణాలు చెప్పాడు. ఓమ్ మీద కూడా ఆయన 1999లో ఒక పుస్తకం తెచ్చాడు. ఈ పద్ధతులకు ఎంత శక్తి ఉందన్నది మాత్రం తగాదా పడిన విషయమే. మూన్ మతంగా పేరుపడ్డ యూనిఫికేషన్ చర్చ్‌ను లండన్‌లో దగ్గర్నుంచి గమనించిన సామాజికవేత్త ఐలీన్ బార్కర్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ చర్చ్ నడిపిన శిబిరాలకు వెళ్లినవాళ్లలో నూటికి తొంభై మంది చేరలేదు. చేరినవాళ్లలోనూ చాలామంది రెండేళ్లలోపే వెళ్లిపోయారు. ఎదురులేని మంత్రమే అయితే ఇంతమంది ఎలా తప్పించుకుంటారు?

నాకు ఈ లెక్క ఊరట ఇవ్వదు. కల్ట్‌కు అందరూ అక్కర్లేదు. వందమందికి అన్నం పెట్టి, పాట పాడించి, భుజం మీద చెయ్యేసి మాట్లాడితే పదిమంది ఆగుతారు. ఆ ఆగేది బుద్ధిలేని పదిమంది కాదు. ఆ నెలలో తండ్రి పోయినవాడు, ప్రేమ చెడినవాడు, కొత్త ఊళ్లో ఎవరూ పలకరించనివాడు, ఉద్యోగంలో చేరి ఇంతేనా అనుకున్నవాడు. ఆరు నెలలు ముందో వెనకో అదే మనిషి ఆ గుమ్మం దాటి వెళ్లిపోయేవాడు. మన గుణం కన్నా మన సమయం ఎక్కువ తేల్చేస్తుంది.

చదువు, ఆధ్యాత్మిక తపన మాత్రమే ఎర అనుకుంటే పొరపాటు. అమెరికాలో జిమ్ జోన్స్ 1950లలో ఇండియానాపొలిస్‌లో పెట్టిన పీపుల్స్ టెంపుల్, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్న అరుదైన చర్చిల్లో ఒకటి. ఆకలికి అన్నం, ముసలివాళ్లకు ఆశ్రయం నిజంగానే ఇచ్చింది. కాలిఫోర్నియాకు మారాక రాజకీయ నాయకులకు జనాన్ని సమీకరించి పెట్టింది. 1976లో జోన్స్‌కు శాన్‌ఫ్రాన్సిస్కో గృహ నిర్మాణ కమిషన్‌లో పదవి దక్కింది. పెద్దవాళ్లు పింఛను చెక్కులు, ఇళ్లు రాసిచ్చారు. 1977లో వెయ్యి మంది దాకా గయానా అడవిలోని జోన్స్‌టౌన్‌కు తరలాక పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. పొలాల్లో పని, చాలీచాలని బియ్యం, మైకుల్లో పగలూ రాత్రీ జోన్స్ గొంతు. శత్రువులు చుట్టుముట్టారంటూ అర్ధరాత్రి లేపి సామూహిక మరణానికి రిహార్సల్స్ చేయించేవాళ్లు. కుటుంబాల మొర విని చూడటానికి వచ్చిన కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్ చేతికి, మమ్మల్ని తీసుకెళ్లండి అన్న చీటీలు అందాయి. 1978 నవంబర్ 18న ఎయిర్‌స్ట్రిప్ దగ్గర ఆయన్ను, మరో నలుగుర్ని కాల్చి చంపారు. ఆ సాయంత్రం జోన్స్‌టౌన్‌లో 909 మంది చనిపోయారు. మూడో వంతు పిల్లలు. సైనైడ్ మొదట పట్టింది వాళ్లకే. పిల్లలు పోయాక బతకాలన్న కోరిక తల్లికి ఎక్కడ మిగులుతుంది? దాన్ని సామూహిక ఆత్మహత్య అని రాయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

దేవుడు లేకుండానూ ఈ పద్ధతి నడుస్తుంది. హైదరాబాద్, విజయవాడ హోటళ్ల హాళ్లలో ఆదివారం పూట జరిగే గొలుసుకట్టు వ్యాపారాల సమావేశాలకు వెళ్లినవాళ్లకు వరస తెలుసు. కాలేజీ స్నేహితుడు కాఫీకి రమ్మంటాడు. పేరు ముందు చెప్పడు. హాల్లో చప్పట్లు, కన్నీళ్లు, నాలుగేళ్లలో కారు కొన్న అన్నయ్య సాక్ష్యం. వద్దన్న నాన్నది పాతకాలపు ఆలోచన, అనుమానించే భార్యది నెగటివ్ మైండ్‌సెట్. డబ్బు చలామణి పథకాలను నిషేధిస్తూ మన దేశంలో 1978 నుంచే చట్టం ఉంది. అయినా బంధువుల దగ్గర తెచ్చిన అప్పు పోగొట్టుకున్నవాడు ఫిర్యాదు చెయ్యడు, ఎందుకంటే తన చేతుల మీదుగానే మేనమామను చేర్పించాడు. ఎవరూ చావకపోవచ్చు. మనిషిని ఇంటివాళ్ల నుంచి వేరుచేసి, అనుమానాన్ని అతని లోపంగా తిప్పి, వెనక్కి వస్తే సిగ్గుపడేలా చేసే పద్ధతి మాత్రం ఇదే.

మన దగ్గర ఆశ్రమాలు, ప్రార్థనా మందిరాలు, పీఠాలు, శిబిరాలు వేలున్నాయి. వాటిలో అధికభాగం మనుషులకు మేలే చేస్తాయి. వాటికీ కల్ట్‌కూ తేడా చెప్పడానికి సిద్ధాంతం చూడనక్కర్లేదు. ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? ఆధార్, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయి? జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లనిస్తారా? రాత్రి ఎన్ని గంటలు నిద్ర? ఆస్తి ఎవరి పేర మారింది? వెళ్లిపోయినవాళ్ల గురించి లోపల ఏమంటారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది. మామూలు ఆశ్రమంలో ఓపిక లేక వెళ్లిపోయాడు అంటారు. కల్ట్‌లో పతనమయ్యాడు, ద్రోహి అంటారు.

కూతురు తిరిగి రావడం లేదని తండ్రి హెబియస్ కార్పస్ వేస్తే, యువతిని కోర్టుకు తెస్తారు. నేను మేజర్ని, ఇష్టపడే ఉన్నాను అంటుంది. కేసు ముగుస్తుంది. చట్టం దృష్టిలో అది సరైనదే. పెద్దవాళ్లయిన పిల్లల మీద తల్లిదండ్రులకు యాజమాన్యం లేదు. కులాంతర వివాహాల విషయంలో ఆ సూత్రమే ఎందరో అమ్మాయిలను కాపాడింది. 1970ల అమెరికాలో కల్ట్‌ల్లోంచి పిల్లలను ఎత్తుకొచ్చి గదుల్లో బంధించి 'విడిపించే' వ్యాపారం నడిచి, అదీ కోర్టులకెక్కింది. బలవంతంగా లాగడం పరిష్కారం కాదు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర, ఆ తర్వాత కర్ణాటక తెచ్చిన మూఢాచారాల వ్యతిరేక చట్టాల లాంటివి తెలుగు రాష్ట్రాల్లోనూ కావాలన్న డిమాండ్ ఉంది. రావాలి కూడా. కానీ అవి చేతబడులు, బలుల లాంటి చర్యల జాబితాలు. యోగా మ్యాట్, బ్యాంకు ఫారం, చిరునవ్వుతో వచ్చేవాణ్ని అవి పట్టుకోలేవు.

జపాన్ కూడా 1995తో పూర్తిగా మేల్కొనలేదు. మత సంస్థల చట్టాన్ని సవరించింది, 1999లో ఓమ్ మీద నిఘాకు ప్రత్యేక చట్టం తెచ్చింది. 2018 జులైలో అసహారాతో సహా 13 మందిని ఉరితీసింది. కుటుంబాల ఆస్తులు ఊడ్చుకుపోయే విరాళాల విషయం మాత్రం అలాగే వదిలేసింది. 2022 జులై 8న మాజీ ప్రధాని షింజో అబేను కాల్చిన వ్యక్తి, తన తల్లి యూనిఫికేషన్ చర్చ్‌కు సుమారు పది కోట్ల యెన్లు ఇచ్చి ఇంటిని దివాలా తీయించిందని, ఆ చర్చ్‌కు అబే అండ ఉందని భావించి ఆ పని చేశానన్నాడు. ఆ డిసెంబర్‌లో కొత్త చట్టం వచ్చింది. పూర్వీకుల ఆత్మలు బాధపడుతున్నాయంటూ భయపెట్టి విరాళం రాబట్టడాన్ని, అప్పు చేయించి ఇల్లు అమ్మించి తీసుకోవడాన్ని నిషేధించింది. ఇచ్చిన మనిషి నోరు విప్పకపోయినా, ఆ మనిషి మీద ఆధారపడిన భార్యాపిల్లలు కొంత మేరకు సొమ్ము తిరిగి అడిగే హక్కు ఇచ్చింది. 2025 మార్చిలో టోక్యో జిల్లా కోర్టు ఆ చర్చ్ మత సంస్థ హోదాను రద్దు చేయమని ఆదేశించింది. విశ్వాసం జోలికి పోకుండా డబ్బు, పద్ధతి మీద గురిపెట్టిన ఈ మార్గం మన శాసనసభలకు చదవదగింది. బాధితుల తరఫు న్యాయవాదులు అప్పుడే దానిలో కంతలు చూపించారు: ఆనందంగా, తన్మయత్వంతో ఇచ్చిన విరాళాన్ని భయపెట్టి తీసుకున్నదని రుజువు చెయ్యడం ఎలా అని.

ఓమ్ వారస సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో పెద్దదైన అలెఫ్‌తో సహా అన్నిటికీ కలిపి 1,600 మంది దాకా సభ్యులున్నారని అక్కడి నిఘా సంస్థ అంచనా. వాళ్లు పేరు చెప్పకుండా యోగా తరగతులు, భవిష్యం చెప్పే కూటములు నడుపుతూ యువకులను చేర్చుకుంటున్నారని ఆ సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. చేరేవాళ్లలో చాలామంది 1995 నాటి దాడి జ్ఞాపకం లేని తరంవాళ్లు.